జ్వరమని రాస్తే పోలా?

అక్క ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలు. తమ్ముడు హైదరాబాదులో ఓ బీమా కంపెనీ ఉద్యోగి. అతని కూతురు పదేళ్ళది, ప్రైవేటు బడిలో అయిదో తరగతి చదువుతోంది. ఆ పిల్లకి సినిమాలో వేషం వచ్చింది. మూడు వారాల షెడ్యూలు, అదీ బడి నడిచే రోజుల్లో. మనుషులిద్దరూ నేను కల్పించినవాళ్ళే. వాళ్ళు వాదించుకునే చట్టం మాత్రం ఉన్న చట్టమే.

తమ్ముడు: అక్కా, ఈ లీవ్ లెటర్ ఒకసారి చూసిపెట్టు. హెడ్మాస్టర్ల చూపు ఎక్కడ ఆగుతుందో నీకు తెలుసు కదా. ‘మా అమ్మాయికి టైఫాయిడ్ వచ్చినందున మూడు వారాలు సెలవు ఇప్పించ ప్రార్థన.’ డాక్టరు సర్టిఫికెట్ కూడా వస్తుంది, మాట్లాడి ఉంచాను.

అక్క: టైఫాయిడ్ పిల్ల ఏదీ, కనపడదే?

తమ్ముడు: మేడ మీద డైలాగులు చెప్పుకుంటోంది.

అక్క: ఇక్కడిదాకా వినిపిస్తోందిలే. జ్వరంతో గొంతు బాగా లేచినట్టుంది!

తమ్ముడు: ఎగతాళి చెయ్యకు. సినిమా అని రాస్తే వాళ్ళ ప్రిన్సిపాల్ ససేమిరా అంటుంది. జ్వరమని రాస్తే పోలా? ఎవరికి నష్టం?

అక్క: ఎవరికో తర్వాత చెప్తాను. ముందు ఇది చెప్పు. బడిలో సెలవు అడగమని నీకు ఎవరు చెప్పారు?

తమ్ముడు: ప్రొడక్షన్ మేనేజరు. ‘కారు, భోజనం, బట్టలు అన్నీ మావి సార్, స్కూలు ఒక్కటే మీరు చూసుకోవాలి’ అన్నాడు. మర్యాదగానే చెప్పాడు.

అక్క: తన పని మర్యాదగా నీ నెత్తిన పెట్టాడు. ఒరేయ్, బాల కార్మిక చట్టం ఎప్పుడైనా చూశావా?

తమ్ముడు: అది ఇటుక బట్టీల్లో, హోటళ్ళలో పిల్లలకి కదా. నా కూతురు కార్మికురాలేంటి, ఆర్టిస్టు!

అక్క: నీ కూతురికి మినహాయింపు దొరికిందీ ఆ చట్టంలోనే. 1986 నాటి చట్టాన్ని 2016లో సవరించి, 14 ఏళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. దాన్నుంచి వదిలిపెట్టినవి రెండే. ఒకటి బడి వేళలు అయ్యాకో సెలవుల్లోనో సొంత కుటుంబానికి సాయపడటం. రెండోది సినిమాలు, సీరియళ్ళు, ప్రకటనలు, ఆటలు. సర్కస్ కుదరదు. ఈ రెండోదానికి షరతు పెట్టారు, పిల్లల బడి చదువు దెబ్బతినకూడదని. ఎలా దెబ్బతినకుండా చూడాలో 2017 జూన్‌లో నిబంధనలు చెప్పాయి. చిత్రీకరణ ఏ జిల్లాలో జరుగుతుందో ఆ జిల్లా కలెక్టరు దగ్గర నిర్మాత ముందే అనుమతి తీసుకోవాలి. నువ్వు కాదు, నిర్మాత. పిల్లల జాబితా, తల్లిదండ్రుల సమ్మతి, సెట్‌లో పిల్లల బాధ్యత చూసే మనిషి పేరు, వీటితో హామీపత్రం ఇవ్వాలి. అలాంటి మనిషి ఒక్కరికి అయిదుగురు పిల్లలకి మించి అప్పగించకూడదు. రోజుకి 5 గంటలకి మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులు మించకూడదు. బడి పాఠాలు తెగిపోకుండా చదువు ఏర్పాటూ వాళ్ళే చెయ్యాలి. పిల్ల సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో పిల్ల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలి.

తమ్ముడు: ఇంత ఉందా! మేనేజరు ఇందులో ఒక్క ముక్కా చెప్పలేదు.

అక్క: నువ్వు అడిగావా?

తమ్ముడు: సరే, అడగలేదు. కానీ ఇందులోనే మెలిక ఉంది చూడు. చదువు దెబ్బతినకూడదు అంటారు, 27 రోజులు వరసగా పని చెయ్యొచ్చు అంటారు. పొద్దున్నే కారెక్కి రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్ళిన పిల్ల తొమ్మిదింటికి ప్రేయర్లో ఎలా నిలబడుతుంది? బడి మానక తప్పదని చట్టానికీ తెలుసు. తెలిసీ సెలవు ఎవరివ్వాలో రాయలేదు. నువ్వు చెప్పిన జాబితాలో కలెక్టరు ఉన్నాడు, నిర్మాత ఉన్నాడు, నేనున్నాను. హెడ్మాస్టరు ఎక్కడ?

అక్క: లేరు.

తమ్ముడు: మరి?

అక్క: అది లోపమే, కాదనను. బడి అనుమతి తీసుకోవాలని కానీ, కలెక్టరు ఉత్తర్వు నకలు బడికి పంపాలని కానీ నిబంధనల్లో లేదు. ఇంగ్లండులో అనుమతి ఇచ్చేది పిల్లలు ఉండే ఊరి కౌన్సిల్. హాజరు పట్టీలో దీనికి ఒక గుర్తే ఉంది, 2024 ఆగస్టు నుంచి సీ-1 అని వేస్తున్నారు. లైసెన్సు ఉన్న ప్రదర్శన కోసం ఇచ్చిన సెలవు అని దానర్థం. అక్కడ ఏ తండ్రీ టైఫాయిడ్ పుట్టించనక్కర్లేదు. మన పట్టీలో వచ్చింది, రాలేదు, అంతే. తెలంగాణ సర్కారు బళ్ళలో ఇప్పుడు ఫోన్‌తో పిల్లల ముఖం పట్టి హాజరు వేస్తున్నారు. ఫోన్‌కి ముఖం కనపడితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

తమ్ముడు: అదే ప్రభుత్వం ఉత్తమ బాలనటి అని వేదికెక్కించి జ్ఞాపిక ఇస్తుంది! ఒకప్పుడు నందులు, ఇప్పుడు తెలంగాణలో గద్దర్ అవార్డులు. ‘35 చిన్న కథ కాదు’ చూశావుగా, లెక్కల్లో మార్కులు రాని పిల్లవాడి కథ. అందులో చేసిన బాబుకి గద్దర్ అవార్డు వచ్చింది. ‘గాంధీ తాత చెట్టు’లో చేసిన అమ్మాయికి జాతీయ అవార్డే వచ్చింది. అవార్డు ఇచ్చేటప్పుడు కళ, హాజరు వేసేటప్పుడు డుమ్మా. ఆటల్లో అయితే ఇలా చెయ్యరు. దేశం తరఫున ఆడబోయే పిల్లలకి సీబీఎస్‌ఈ పరీక్షే విడిగా పెడుతుంది.

అక్క: ఆ మాట ఒప్పుకుంటాను. ఆటలకి ఇచ్చిన మర్యాద నటనకి ఇవ్వడం లేదు. కానీ ఆటల పిల్లలు ఆ మర్యాద ఎలా సంపాదించారో చూడు. సంఘం ఉత్తరం రాస్తుంది, ఏ పోటీ, ఏ ఊరు, ఏ తేదీలు అన్నీ అందులో ఉంటాయి. కబడ్డీ ఆడటానికి వెళ్ళిన పిల్లకి కామెర్లు వచ్చాయని రాయరు. మీరందరూ ఏళ్ళ తరబడి జ్వరాలు రాసుకుంటూ పోతే, బాలనటులు అనేవాళ్ళు ఉన్నారనే బళ్ళకి తెలియదు. లేనివాళ్ళ కోసం పట్టీలో గుర్తు ఎవరు పెడతారు?

తమ్ముడు: నువ్వు అందరి కోసం మాట్లాడుతున్నావు, నేను నా ఒక్క పిల్ల కోసం. చట్ట ప్రకారం అయిదో తరగతికి ఏడాదికి కనీసం 200 పనిదినాలు. మూడు వారాలంటే ఆదివారాలు పోను 18 రోజులు. మా వీధిలో పెళ్ళిళ్ళకీ, తిరుపతికీ, అమ్మమ్మ ఊళ్ళో జాతరకీ కలిపి అంతకంటే ఎక్కువ మానే పిల్లలున్నారు. వాళ్ళని ఎవరూ అడగరు. అంతెందుకు, దాని బడిలోనే వార్షికోత్సవం అంటే మధ్యాహ్నం నుంచి పాఠాలు కట్టేసి డాన్సు ప్రాక్టీసు చేయిస్తారు. అది చదువట, ఇది కాదట!

అక్క: వార్షికోత్సవం సంగతి కదపకు, మా బళ్ళ గుట్టు బయటపడుతుంది. 18 రోజుల వల్ల అయిదో తరగతి పిల్ల చదువు మునిగిపోతుందని నేనూ అనను. మూడు వారాలు సెట్‌లో గడిపితే అది నేర్చుకునేది ఉంటుంది. పెద్దవాళ్ళ మధ్య మెలగడం, చెప్పింది గుర్తుపెట్టుకోవడం, ఒకే మాట పదిసార్లు విసుగు లేకుండా చెప్పడం. నా క్లాసులో అంత ఓర్పు నేను నేర్పలేను. సెలవు ఇవ్వాలా వద్దా అంటే, ఇవ్వాలనే అంటాను.

తమ్ముడు: మరి ఇంతసేపూ నా ప్రాణం తోడేస్తున్నావెందుకు?

అక్క: జ్వరమని రాసినందుకు. ఇందాక ఎవరికి నష్టమని అడిగావు కదా. నీ ఉత్తరం ప్రకారం ఆ మూడు వారాలూ నీ కూతురు ఇంట్లో మంచం మీద ఉంది. సంతకం నీది, సర్టిఫికెట్ డాక్టరుది. ఆ రోజుల్లో ఒకరోజు సెట్‌లో లైటు స్టాండు మీద పడిందనుకో, తాడు తెగి పిల్ల కిందపడిందనుకో. ఎవరిని అడుగుతావు? ‘ఆ రోజు పాప మా సెట్‌కే రాలేదు, కావాలంటే బడి రికార్డు చూడండి’ అని వాళ్ళంటే, వాళ్ళ చేతిలో ఉన్న సాక్ష్యం నువ్వు రాసిందే. నువ్వు బీమా కంపెనీలో పని చేస్తున్నావు, ఇలాంటి కాగితం క్లెయిమ్‌లో ఏం చేస్తుందో నీకు నేను చెప్పాలా?

తమ్ముడు: …

అక్క: రాత్రి పదింటిదాకా ఉంచేశారనుకో. అయిదు గంటల నిబంధన ఎవరి కోసం చూపిస్తావు, జ్వరంతో పడుకున్న పిల్ల కోసమా? ట్యూటర్ని అడుగుతావా? పని చెయ్యని పిల్ల సంపాదనలో 20 శాతం లెక్క ఎవరు కడతారు? నువ్వు బడిని మోసం చేశాననుకుంటున్నావు. బడికి పోయేదేం లేదురా, ఓ మూడు వారాల హాజరు. పిల్లకి రక్షణగా ఉన్న కాగితాలన్నీ నీ చేత్తో నువ్వే చింపేస్తున్నావు.

తమ్ముడు: నువ్వు చెప్పింది కాదనను. అయితే ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. రేపు వెళ్ళి మేనేజరుతో ‘కలెక్టరు అనుమతి కాపీ ఇవ్వండి, ట్యూటర్ని పెట్టండి, అయిదు గంటలకి పిల్లని పంపించెయ్యండి’ అన్నాననుకో. ‘అలాగే సార్’ అంటాడు. సాయంత్రానికి ఇంకో పిల్లకి ఫోన్ చేస్తాడు. ఆడిషన్‌కి హాలు నిండా వచ్చారక్కా పిల్లలు. వాళ్ళలో ఎవరో ఒక నాన్న జ్వరమని రాసిస్తాడు. నిజం రాసినవాడి పిల్ల ఇంట్లో, అబద్ధం రాసినవాడి పిల్ల తెర మీద. ఇదేం న్యాయం?

అక్క: న్యాయం కాదు.

తమ్ముడు: అంతేనా? ఇంకేమైనా చెప్తావనుకున్నాను.

అక్క: ఏం చెప్పను, నువ్వన్నట్టే జరగొచ్చు. వేషం పోవచ్చు. కాకపోతే ఒక్కటి ఆలోచించు. కాగితం అడిగితే పిల్లని మార్చేసే కంపెనీ, రాత్రి పదింటికి ‘పాప అలిసిపోయింది’ అంటే ఏం చేస్తుంది? వాళ్ళు ఎలాంటివాళ్ళో షూటింగుకి ముందే తెలియడం మంచిదా, మధ్యలో తెలియడం మంచిదా?

తమ్ముడు: చెప్పడం తేలిక. అవకాశం పోయాక పిల్ల మొహం చూడాల్సింది నేను. శ్రీదేవిని చూడు, నాలుగేళ్ళకే కెమెరా ముందుకొచ్చింది. బడి, హాజరు అంటూ కూర్చుని ఉంటే దేశానికి శ్రీదేవి దక్కేదా?

అక్క: బడి, కాలేజీ జీవితం తనకి దక్కలేదని ఆవిడే చెప్పుకుంది. ఆ తరానికి ఈ నిబంధనలూ లేవు. ‘లవకుశ’ షూటింగ్ ఏళ్ళ తరబడి సాగింది, ఆ పిల్లల హాజరు గురించి ఎవరడిగారు? ఇంకో పక్క మహేష్‌బాబు ఉన్నాడు. చిన్నప్పుడు వరసగా వేశాడు, 1990లో ‘బాలచంద్రుడు’ తర్వాత ఆపేసి చదువు పూర్తి చేసుకుని, 1999లో హీరోగా వచ్చాడు. ఏం తక్కువైంది?

తమ్ముడు: ఆయన నాన్న సూపర్‌స్టార్ కృష్ణ! తొమ్మిదేళ్ళు ఆగినా తలుపు తెరిచే ఉంటుంది. నా కూతురికి రేపు కాదంటే ఎల్లుండి ఎవరు పిలుస్తారు?

అక్క: ఆ దెబ్బ తగిలింది, ఒప్పుకుంటున్నాను. మహేష్‌బాబు ఉదాహరణ నీకు పనికిరాదు.

(ఇక్కడ నేను తమ్ముడి పక్షమే. సినిమా కుటుంబాల పిల్లలకి చదువూ నటనా రెండూ కుదిరాయని చెప్పే కథలు, ఒకే అవకాశం వచ్చిన ఇంటికి ఓదార్పు కావు.)

తమ్ముడు: పోనీ నిజమే రాస్తాను. ప్రిన్సిపాల్ టీసీ చేతిలో పెడితే?

అక్క: పెట్టకూడదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి అయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసెయ్యడానికి వీల్లేదు. ఆవిడ భయం నువ్వనుకునేది కాకపోవచ్చు. చెప్పాపెట్టకుండా 30 రోజులు వరసగా రాని పిల్ల గురించి హెడ్మాస్టరు నోడల్ అధికారికి రాయాలని ఆ 2017 నిబంధనల్లోనే ఉంది. ముందుగా తెలియజేస్తే ఆ బెడద లేదు. 27 రోజుల పరిమితికీ 30 రోజుల లెక్కకీ మధ్య మూడు రోజులే తేడా, చూశావా? కావాలని పెట్టారో, అలా కుదిరిందో కానీ, చట్టం రాసినవాళ్ళకి మీలాంటి నాన్నలు గుర్తొచ్చే ఉంటారు.

తమ్ముడు: అనుమతి లేకుండా తీస్తే శిక్ష ఉందా? లేక ఊరికే కాగితం మీద రాసుకున్నదేనా?

అక్క: చట్టం తప్పి పిల్లల్ని పనిలో పెట్టుకుంటే ఆరు నెలల నుంచి రెండేళ్ళ జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల జరిమానా, లేదా రెండూ. తల్లిదండ్రులని మామూలుగా శిక్షించరు. కానీ డబ్బు కోసం చట్టానికి విరుద్ధంగా పంపారని తేలితే వాళ్ళకీ మినహాయింపు లేదు.

తమ్ముడు: బాగుంది. ఇక ఉత్తరం నువ్వే చెప్పు, రాసుకుంటాను.

అక్క: రాసుకో. ‘మా అమ్మాయి ఫలానా నిర్మాణ సంస్థ తీస్తున్న సినిమాలో నటిస్తోంది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చిత్రీకరణ. జిల్లా కలెక్టరు అనుమతి నకలు జతచేశాను.’ ఫిల్మ్ సిటీలో అయితే రంగారెడ్డి కలెక్టరు, మధ్యలో పాటకి అరకు వెళ్తే పాడేరులో ఉండే అల్లూరి సీతారామరాజు జిల్లా కలెక్టరు. రెండు జిల్లాలైతే రెండు అనుమతులూ అడుగు. తర్వాత, ‘నిర్మాత ఏర్పాటు చేసిన ట్యూటర్ పేరు ఇది. ఈ మూడు వారాల్లో మీరు చెప్పబోయే పాఠాల జాబితా ఇస్తే ఆమె అవే చెప్తుంది.’ ట్యూటర్ని నిర్మాతే పెట్టాలని బాలల హక్కుల జాతీయ కమిషన్ మార్గదర్శకాల్లో ఉంది, మేనేజరుకి అది కూడా చూపించు. ఆపైన, ‘మధ్యలో వచ్చే ఎఫ్‌ఏ పరీక్ష తిరిగి వచ్చాక పెట్టించవలసిందిగా కోరుతున్నాను.’

తమ్ముడు: ‘హాజరు వేయవలసిందిగా’ అని కూడా రాయనా? ఆన్ డ్యూటీ లాగా?

అక్క: వద్దు. రాని రోజు రానట్టే వెయ్యనీ. జ్వరం పోయి ఇంకో అబద్ధం ఎందుకు? నువ్వు అడగాల్సింది సెలవు, పాఠాల జాబితా, పరీక్ష. హాజరు కాదు.

తమ్ముడు: ప్రిన్సిపాల్ అప్పటికీ కాదంటే?

అక్క: ఎందుకు కాదంటున్నారో రాసివ్వమను. నోటితో కాదనడం తేలిక, కాగితం మీద కాదనాలంటే ఆలోచిస్తారు. నేను హెడ్మాస్టర్ని కాబట్టి చెప్తున్నాను. ఇంకో మాట, ఇదంతా పిల్లతో మాట్లాడావా?

తమ్ముడు: దానికి ఇష్టమేనక్కా, ఎగిరి గంతేసింది.

అక్క: వేషం అంటే ఎవరైనా గంతేస్తారు. ఏ ఊళ్ళో, ఎన్ని గంటలు, ఏ పరీక్ష పోతుంది, తిరిగొచ్చాక ఎంత చదవాలి, ఇవన్నీ చెప్పి అడిగావా అంటున్నాను. ఇష్టం లేకుండా పిల్లల చేత చేయించకూడదని ఆ నిబంధనల్లో ఉంది. జ్వరమని బడిలో చెప్పాలని దానికి నేర్పావేమో కూడా చూసుకో. తిరిగి వెళ్ళాక పక్క పిల్ల ‘టైఫాయిడ్ తగ్గిందా’ అంటే అదేం చెప్పాలి? ఆర్నెల్ల తర్వాత గోడ మీద పోస్టర్ పడుతుంది, అప్పుడు?

తమ్ముడు: నిన్న రాత్రే నేర్పాను. ‘నాన్నా, నాకు జ్వరం ఎప్పుడొచ్చింది’ అని అడిగింది.

అక్క: నువ్వేమన్నావు?

తమ్ముడు: పడుకోమన్నాను.

ఆ తర్వాత తమ్ముడు మేనేజరుకి ఫోన్ చేసి అక్క చెప్పిన కాగితాలు అడిగాడు. అవతలి మనిషి ‘ఆఫీసులో కనుక్కుని చెప్తాను సార్’ అన్నాడు. ఈ సంవాదాన్ని అక్కడే ఆపుతున్నాను, ఎందుకంటే ఆ జవాబు ఒక్కో కంపెనీలో ఒక్కోలా వస్తుంది, ఏదో ఒకటి కల్పించి రాస్తే పాఠకుల్ని మభ్యపెట్టినట్టవుతుంది.

వాదంలో నా ఓటు చాలావరకు అక్కకే. అబద్ధపు ఉత్తరం వల్ల ఎక్కువ పోగొట్టుకునేది పిల్లే. అయినా ఇంకో పిల్లకి ఫోన్ వెళ్తుందన్న తమ్ముడి భయానికి ఆమె దగ్గర మందు లేదు, ఏ ఒక్క తండ్రి నిజాయితీతోనూ అది తీరదు. దాన్ని తీర్చగలిగింది రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు, కలెక్టరేట్లు. బాలనటులకి అనుమతి ఇచ్చే ప్రతి ఉత్తర్వు నకలునూ ఆ పిల్లలు చదివే బడికి నేరుగా పంపండి. హాజరు పట్టీలో దానికో గుర్తు చేర్చండి. ఆ నకలు రాని పిల్లకి షూటింగ్ కోసం సెలవు లేదని బళ్ళకి సర్క్యులర్ ఇవ్వండి. అప్పుడు ఏ మేనేజరు ఏ ఇంటికి ఫోన్ చేసినా, ముందు కలెక్టరాఫీసుకి వెళ్ళాల్సిందే.